విఫలం కాని మాత్ర

నన్ను సంఘంలో సభ్యుడిగా వెయ్యడానికి నా చదువు కారణం కాదు. నేను పదో తరగతి దాటలేదు. జిల్లా జల సరఫరా ఉద్యోగుల ఆరోగ్య నిధి వారు ఏ మందు గురించి విచారణ జరిపినా అందులో "సదాచారం గల గృహస్థు ఒకరు" ఉండాలని వాళ్ళ నియమావళిలో ఉందట. ఆ నిధి కార్యాలయానికి ఎదురుగానే నా పూజా సామాన్ల కొట్టు. పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకుని, సింహాద్రి అప్పన్న పటానికి హారతిచ్చి కొట్టు తెరుస్తాను. ఇదంతా వాళ్ళ కిటికీలోంచి కనిపిస్తుంది. సదాచారం కోసం వాళ్ళు రోడ్డు దాటితే సరిపోయింది.

కార్యదర్శి త్రిమూర్తులు గారే స్వయంగా వచ్చాడు.

"కూర్మనాథం గారూ, తమరు మా సాక్ష్యాధారాల పరిశీలన సంఘంలో కూర్చోవాలి."

"దేని గురించండీ?"

ఆయన అటూ ఇటూ చూశాడు. ఒక ముసలావిడ వత్తులు ఏరుకుంటోంది. ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"మాత్రల గురించి. వంపుకి వాడే మాత్రలు."

"నడుము వంపా అండీ?"

"ఇంకా కింద."

"మోకాలా?"

"అంత కింద కాదు."

నేను అప్పన్న పటం వైపు చూసి కళ్ళు దించుకున్నాను.

ఇంటికెళ్ళాక మా ఇంటావిడ సుభద్ర అడిగింది, ఏం సంఘం, ఏం మాత్రలు అని. మగవాళ్ళ జబ్బు అన్నాను. ఆవిడ పప్పు వడ్డిస్తూ, "మిమ్మల్నే ఎందుకు పిలిచారూ?" అంది. సదాచారం గల గృహస్థునని చెప్పాను. "అది సరే, జబ్బు సంగతేంటి?" అంది. నాకు లేదని నమ్మించేసరికి భోజనం అయిపోయింది.

మొదటి సమావేశం కార్యాలయం హాల్లో జరిగింది. ముందురోజు అక్కడ ఎవరిదో పదవీ విరమణ సభ జరిగినట్టుంది. గోడలకి రంగు కాగితాలు, మూలల్లో బుడగలు అలాగే ఉన్నాయి. అధ్యక్షుడు నిధి సంచాలకులు ముకుందవల్లభరావు గారు. ఆయన మామూలు మాట కూడా ఉత్తర్వులాగే మాట్లాడతారు. మంచినీళ్ళు కావాలంటే "జలము సరఫరా చేయవలసినది" అంటారు. ఆయనకి కుడి పక్క త్రిమూర్తులు, ఎడమ పక్క నేను. ఎదురుగా డాక్టర్ హెప్సిబా గారు. ఆవిడ మూత్రకోశ వ్యాధుల నిపుణురాలు. ఆడమనిషి ఈ విషయం మాట్లాడటానికి వస్తుందని అధ్యక్షుల వారు అనుకోలేదు. ఆవిడ వైపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ వెనక గోడకున్న గడియారంతో మాట్లాడారు.

"గౌరవ సభ్యులారా, ప్రస్తుత అంశం మిక్కిలి సున్నితమైనది. నిధి దస్త్రములలో సభ్యత లోపించరాదు. కావున ఇకమీదట ఆ అవయవమును 'సదరు భాగము' అని మాత్రమే వ్యవహరించవలసినదిగా ఆదేశిస్తున్నాను."

డాక్టరమ్మ అడిగింది. "సదరు అంటే పైన చెప్పినది అని కదండీ? పైన ఎక్కడా చెప్పలేదే?"

"చెప్పరాదు. అందువల్లనే సదరు."

ఆవిడ వాదించలేదు. జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టింది. లోపల ఉండే తొడుగులో ఒకచోట గట్టి మచ్చ కడుతుందట. ఆ మచ్చ ఉన్నచోట తొడుగు సాగదు, మిగతా చోట్ల సాగుతుంది. దాంతో పటుత్వం వచ్చినప్పుడు ఒక పక్కకి వంగిపోతుంది. మొదట్లో నొప్పి ఉంటుంది. ఆ నొప్పి చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. వంపు మాత్రం సాధారణంగా అలాగే ఉండిపోతుంది.

"అర్థం కాలేదు," అన్నారు అధ్యక్షులు గడియారంతో.

డాక్టరమ్మ లేచి మూలనున్న బుడగల్లో ఊదకుండా మిగిలిపోయిన పొడుగాటిది ఒకటి తీసింది. బల్ల మీదున్న అంటుకాగితం చుట్టలోంచి ఒక ముక్క తుంచి దాని పక్కన అంటించింది. ఊదింది. బుడగ పెరుగుతూ పెరుగుతూ ఒక పక్కకి కొడవలిలా తిరిగింది. త్రిమూర్తులు కుర్చీలో కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. నాకు కూడా సులువుగా అర్థమైంది.

"బుడగ విషయము కార్యవాహిలో నమోదు చేయరాదు," అన్నారు అధ్యక్షులు. ఆవిడ బుడగ వదిలేసింది. అది చిత్రమైన చప్పుడు చేస్తూ హాలంతా తిరిగి అధ్యక్షుల వారి ముందు పడింది. అదీ నమోదు కాలేదు.

అసలు విషయానికి వచ్చాం. ఈ జబ్బుకి నోటితో వేసుకునే బలం మాత్రలు నిధి వాళ్ళ జాబితాలో ఉన్నాయి. విటమిన్ ఇ, దానితోపాటు మరో రెండు మూడు రకాలు. ఆపరేషన్‌కి నిధి ఒప్పుకోవాలంటే రోగి ముందు ఆ మాత్రల చికిత్స పూర్తి చెయ్యాలి. ఆ మాత్రలతో ఉపయోగం లేదని డాక్టరమ్మ ఉత్తరాల మీద ఉత్తరాలు రాయబట్టే ఈ సంఘం పడింది.

"ఉపయోగం లేదన్న మాటకు ఆస్కారమే లేదు," అన్నాడు త్రిమూర్తులు. లేచి నిలబడి నియమావళి చదివాడు. "నిధి జాబితాలో చేరిన మందు విఫలం కాదు."

ఆ నియమానికి ఒక చరిత్ర ఉందట. ఎప్పుడో ఒక దగ్గు మందు పని చెయ్యకపోతే, పని చెయ్యని మందు కొన్నదెవరని ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు. కొన్న అధికారి దగ్గడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఏ అధికారికీ అలాంటి కష్టం రాకూడదని ఈ వాక్యం చేర్చారు.

"మరి మందు పని చెయ్యకపోతే?" అంది డాక్టరమ్మ.

"చేస్తుందమ్మా."

"చెయ్యలేదనుకోండి."

"వాడకంలో లోపం ఉంటుంది."

"పని చేస్తుందో లేదో చూడటానికే కదండీ ఈ సంఘం వేశారు?"

"ఎంత బాగా చేస్తుందో చూడటానికి," అన్నాడు త్రిమూర్తులు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అయినా ఆవిడ ఓపిక పట్టింది. వేరే చోట్ల పెద్ద డాక్టర్లు చేసిన పరీక్షల గురించి చెప్పింది. రోగుల్ని రెండు జట్లు చేశారట. ఒక జట్టుకి అసలు మాత్రలు. రెండో జట్టుకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు, లోపల మందేమీ లేనివి. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. చివరికి కొలిచి చూస్తే రెండు జట్లకీ తేడా లేదు. నొప్పి రెండింటిలోనూ తగ్గింది. వంపు రెండింటిలోనూ అలాగే ఉంది.

అధ్యక్షులు గడియారం వైపు తిరిగారు.

"ఉత్తుత్తి మాత్రలవారికి కూడ నొప్పి తగ్గినదా?"

"తగ్గిందండీ. అది దానంతట..."

"అసలు మాత్రతో సమానముగా?"

"సమానంగానే."

"అయితే ఉత్తుత్తి మాత్ర కూడ అంతటి గుణము గలదన్నమాట! త్రిమూర్తులూ, ఆ మాత్ర మన జాబితాలో ఉన్నదా?"

"లేదు సార్."

"చేర్చవలసినది."

నాకు ఉండబట్టలేక చెయ్యెత్తాను.

"రెండూ ఒకటేనంటే, అసలు మాత్రలో ఏమీ లేదని అర్థం కాదాండీ?"

అధ్యక్షులు నా వైపు దయగా చూశారు. "కూర్మనాథం గారూ, తమరు భక్తులు. గుడిలో తీర్థమునకు, కుళాయి నీటికి భేదమేమని అర్చకులను అడుగుదురా?"

"అడగనండీ. కానీ తీర్థం తాగితే పుణ్యం అంటారే గానీ, వంకర పోతుందని మా అర్చకులు ఎన్నడూ అనలేదు."

అది కూడా నమోదు కాలేదు. ఉత్తుత్తి మాత్ర జాబితాలో చేరింది. చేరిన మరుక్షణం నుంచి అదీ విఫలం కాదు.

రెండో సమావేశానికి రోగిని పిలిచారు. పేరు పోలినాయుడు. పంపు హౌసులో ఆపరేటరు. మనిషి తాటిమానులా ఉంటాడు, మాట మాత్రం గొంతు దాటదు. కుటుంబ బాధ్యతల్లో పడి ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. భార్య వరహాలమ్మ కూడా చిన్న పిల్లేమీ కాదు. ఇద్దరికీ ఒక బిడ్డ కావాలని ఆశ. పెళ్ళయిన కొన్నాళ్ళకే అతనికి ఈ జబ్బు పట్టుకుంది. వంపు బాగా ఎక్కువై కాపురం సాగడం లేదని, ఆపరేషన్ చేస్తే సాగుతుందని డాక్టరమ్మ చెప్పింది. వయసు మీరిపోతోందని వాళ్ళ బెంగ.

డాక్టరమ్మ ఇచ్చిన రిపోర్టు త్రిమూర్తులు ముందే తిప్పి పంపాడు. అందులో వంపు ఎంత కోణంలో ఉందో, ఎటు వైపు ఉందో రాసి, బొమ్మ కూడా వేసి ఉందట. సభ్యత కోసం కోణం, వైపు, బొమ్మ తీసేయమన్నారు. చివరికి దస్త్రంలో మిగిలింది ఒకే వాక్యం: "సదరు భాగమున వంపు కలదు."

"నాయుడూ," అన్నారు అధ్యక్షులు, "మాత్రలు క్రమము తప్పక సేవించితివా?"

"ఏసుకున్నానండి. నొప్పి పోనాదండి. అది మాత్రం సక్కగవలేదండి."

"నొప్పి పోయినదని రాయండి. వంపు పోకపోవుటకు కారణము నీవే చెప్పవలె. ఎట్లు మింగుచున్నావు?"

"నోటితోనే బాబూ."

"కూర్చుండియా, పండుకొనియా?"

"ఇంటికాడ మంచం మీద కూకోని..."

"నిటారుగా?"

"కొద్దిగా ఒంగుతానేమోనండి, గలాసందుకుంటే."

అధ్యక్షులు త్రిమూర్తులు వైపు విజయగర్వంతో చూశారు. "వంగి మింగినాడు!"

మాత్ర లోపలికి వంకరగా దిగిందని సంఘం నిర్ణయించింది. డాక్టరమ్మ పొట్ట గురించీ పేగుల గురించీ ఏదో చెప్పబోయింది. పేగులు వంకరగానే ఉంటాయని ఆవిడ అనగానే, "అందువలన మరింత జాగ్రత్త అవసరము," అన్నారు ఆయన.

ఆ తర్వాత జరిగింది నా కొట్టులోంచి రోజూ చూశాను. ఉదయం కార్యాలయం తెరవగానే పోలినాయుడు వచ్చేవాడు. అతన్ని వరండాలో గోడకి ఆనించి నిలబెట్టేవారు. ఇంజనీరింగ్ విభాగం నుంచి ఒక మేస్త్రీ వచ్చి, పైపులు వేసేటప్పుడు పెట్టే రసమట్టం అతని వీపుకి ఆనించి, అందులోని గాలిబుడగ నడిమికి వచ్చేదాకా "కొంచెం ఇటు... ఆఁ, ఆగు" అనేవాడు. మనిషి నిటారుగా ఉన్నాడని మేస్త్రీ తల ఊపాక త్రిమూర్తులు మాత్ర అందించేవాడు. మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేవాడు. మొదట్లో ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు చూసేవారు. తర్వాత మీటర్ల విభాగం అంతా టీ గ్లాసులతో వచ్చి నిలబడేది.

"ఏటి మాఁవా, పెసాదం అయిపోనాదా?" అని పంపు హౌసు కుర్రాళ్ళు అరిచేవారు.

"నిలబెట్టింది మనిషినే గదా, ఇంకేటీ నిలబడలేదా?" అని ఇంకొకడు.

పోలినాయుడు తల వంచుకునేవాడు. వంచొద్దని మేస్త్రీ కసిరేవాడు.

ఒకరోజు అతను నా కొట్టుకి వచ్చి కర్పూరం అడిగాడు. డబ్బులిస్తూ, "కూర్మనాథం బాబూ, దేవుడు నా మీద ఎందుకు ఇలగ కోపం పెట్టుకున్నాడంటారు?" అన్నాడు. దేవుడికి నీ మీద కోపం లేదు నాయుడూ, ఆయన ఈ సంఘంలో సభ్యుడు కాడు అని చెప్పాలనిపించింది. కర్పూరం కొంచెం ఎక్కువ వేశాను.

కొన్ని నెలలకి మాత్రల చికిత్స సంపూర్ణమైందని ప్రకటించారు. చికిత్స పూర్తయింది కాబట్టి ఇక ఆపరేషన్‌కి అనుమతి వస్తుందని పోలినాయుడు దంపతులు సంబరపడ్డారు. డాక్టరమ్మ కూడా ఆపరేషన్‌కి రోజు చూసుకుంది. వాళ్ళకి తెలియనిదేమిటంటే, నిధి భాషలో మాత్రల చికిత్స పూర్తయిందంటే జబ్బు నయమైందని అర్థం. విఫలం కాని మందు పూర్తిగా వేసుకున్న మనిషికి జబ్బు ఎలా మిగులుతుంది?

మూడో సమావేశంలో అతని చేతికి ఒక పత్రం ఇచ్చారు. పైన ముద్ర, కింద సంతకం. త్రిమూర్తులు అందరికీ వినపడేలా చదివాడు. "జల సరఫరా విభాగము పంపు ఆపరేటరు శ్రీ పోలినాయుడు గారి సదరు భాగము ఋజువుగా, ఏ వక్రతయు లేక ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

పోలినాయుడు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్కసారి పరీక్ష చేస్తే తెలిసిపోతుంది కదండీ," అంది డాక్టరమ్మ. "నేను చూశాను. వంపు అలాగే ఉంది."

"చూచుట సభ్యత కాదు," అన్నారు అధ్యక్షులు. "పత్రము ఉండగా చూడవలసిన అవసరమేమి?"

అప్పుడు తలుపు దబ్బున తెరుచుకుంది. బయట బెంచీ మీద కూర్చోవలసిన వరహాలమ్మ లోపలికొచ్చింది. పొట్టి మనిషి, పెద్ద కళ్ళు. మొగుడి చేతిలో కాగితం లాక్కుని అధ్యక్షుల వారి బల్ల మీద పెట్టింది.

"ఏటిది బాబూ?"

"అమ్మా, ఇది నీ భర్త స్వస్థుడైనట్టు..."

"నాకు సదవడం వచ్చండి. సక్కగున్నాదని రాసినారు. ఈ కాగితంతో నాను కాపరం సెయ్యాలా? దీన్ని పక్కలో ఎట్టుకుంటే బిడ్డ పుడతాదా?"

"అమ్మా, సభ్యత..."

"నా పెనిమిటిని వరండాలో నిలబెట్టి, ఊరందరి ముందూ నోరు తెరిపించినప్పుడు ఏమైపోనాది బాబూ మీ సబ్యత? అమ్మలక్కలంతా నా మొకం సూసి నవ్వుతన్నారు."

త్రిమూర్తులు మెల్లగా కల్పించుకున్నాడు. "చూడమ్మా, మాత్రలు విఫలం కావు. కాబట్టి తిన్నగా అయి తీరాలి."

"అయితే ఇప్పుడున్న వంకర ఎక్కడినుంచి ఊడిపడింది?" వరహాలమ్మ చేతులు తిప్పింది. "మీ మాత్రలంత గొప్పవా? అయితే మీ మాత్రలే సక్కగ సేసేసి, ఇంకా ఆగలేక, రెండోపక్కకి ఒంచేసుంటాయి! అంతేనా? అంతేనా అంట!"

ఆవిడ వెటకారానికే అంది. కోపంతో రొప్పుతోంది. కానీ త్రిమూర్తులు కళ్ళలో దీపం వెలిగింది.

"సార్," అన్నాడు అధ్యక్షుల వైపు వంగి, "అధిక గుణప్రాప్తి."

"ఏమనుచున్నావు?"

"మందు విఫలం కాలేదు సార్. అతిగా సఫలమైంది. వంపును సరిచేసి, అక్కడితో ఆగక, అవతలి పక్కకి వంచింది. మందు అతిగా పని చేస్తే వచ్చే ఇబ్బందులకు చికిత్స, అవసరమైతే ఆపరేషన్, నిధి భరిస్తుంది. నియమావళిలో ఉంది. ఇంతవరకు ఎవరూ వాడుకోలేదు. మన మందులు ఎప్పుడూ అంత దూరం వెళ్ళలేదు."

అధ్యక్షుల వారి ముఖం వికసించింది. "అద్భుతము! కాని పూర్వము వంపు ఏ వైపున ఉండెను? దస్త్రము తెరువు."

తెరిచారు. "సదరు భాగమున వంపు కలదు" తప్ప మరేమీ లేదు. వైపు తీసేయించింది వాళ్ళే.

"ఇప్పుడు ఏ వైపున ఉన్నది?"

పోలినాయుడు నేల చూపులు చూస్తూ, "ఎడం పక్కకండి," అన్నాడు.

"అయితే పూర్వము కుడి వైపున ఉండెను," అన్నారు అధ్యక్షులు. అంతే, అది చరిత్ర అయిపోయింది.

పోలినాయుడు ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి. మాత్రల ప్రభావంతో తన వంపు పూర్తిగా పోయి, ఆ తర్వాత మరో వైపు వచ్చిందని. దాన్ని సదాచారం గల గృహస్థు ధ్రువీకరించాలి. ఆ గృహస్థు నేను.

డాక్టరమ్మ ఆ ప్రకటన మీద సంతకం పెట్టనంది. వేరే కాగితం మీద "వంపు ఉంది, ఆపరేషన్ అవసరం" అని మాత్రం రాసి ఇచ్చింది. అది చాలన్నారు. ఆవిడ అలా తప్పుకోగలిగింది, నాకు ఆ వీలు లేదు.

"ఇది అబద్ధం కదండీ," అన్నాను త్రిమూర్తులుతో.

"ఎవరికి నష్టం చెప్పండి?" అన్నాడు. "నాయుడికి ఆపరేషన్ అవుతుంది. నిధికి పేరొస్తుంది. మందుకి మచ్చ రాదు."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన ధర్మం పెద్దదేమీ కాదు. తూకంలో మోసం చెయ్యకు, నోట్లోంచి అబద్ధం రానీకు, ఆకలన్నవాడికి అన్నం పెట్టు. ఈ మూడింట్లో ఏది ఇక్కడ పనికొస్తుందో వెతుక్కుంటున్నాను. వరహాలమ్మ నా కుర్చీ పక్కకి వచ్చింది. కోపమంతా పోయి గొంతు చిన్నదైపోయింది.

"బాబూ, మాకు ఏళ్ళు దాటిపోతన్నాయి. దేవుడు మిమ్మల్నడిగితే నా పేరు సెప్పండి. వరాలమ్మ సంతకం పెట్టించిందని సెప్పండి."

పెట్టాను.

ఆపరేషన్ ముందు డాక్టరమ్మ భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పిందట. తిన్నగా అవుతుంది గానీ కొంచెం పొడవు తగ్గవచ్చు, ఆలోచించుకోండి అందట. పోలినాయుడు ముఖం మాడిపోయిందట. వరహాలమ్మ మాత్రం, "ఉన్నదాంతో సర్దుకుంటాం తల్లీ, ముందు దారిలోకి రానియ్యి," అందట. ఇది మా సుభద్రకి వరహాలమ్మే చెప్పింది. సుభద్ర నాకు చెబుతూ చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. వరహాలమ్మకి నెల తప్పిందని తెలిసిన రోజు పోలినాయుడు నా దగ్గర కొబ్బరికాయలు కొన్నాడు, బుట్టెడు. మనిషి నిటారుగా నడిచి వెళ్ళాడు, రసమట్టం లేకుండానే. ఆ రోజు హారతి ఇస్తుంటే నా మనసు తేలికగా ఉంది. పోనీలే స్వామీ, ఒక్క అబద్ధంతో ఒక ఇల్లు నిలబడింది, నువ్వు సర్దుకో అనుకున్నాను.

ఇంతలో నిధి వాళ్ళ పత్రిక వచ్చింది. దాని మొదటి పేజీలో సంఘం తీర్పు అచ్చువేశారు. నోటి మాత్రల ప్రభావంపై లభించిన సాక్ష్యాధారాలన్నిటినీ నిశితంగా పరిశీలించిన మీదట, అవి వంపును నయం చేయడమే కాక, అంతకు మించి పోగలవని నిస్సందేహంగా రుజువైందట. జాగ్రత్తగా వాడాలట. మాత్రల బలం దృష్ట్యా ఆపరేషన్ అవసరం ఇకపై ఎవరికీ రాదు గనుక, ఆ సౌకర్యం ఎత్తేశారట. కింద పోలినాయుడి ప్రకటన. దాని కింద నా పేరు, నా సంతకం, చిన్నగా ఫొటో. నామం స్పష్టంగా కనిపిస్తోంది.

నేను రోడ్డు దాటి వెళ్ళాను. త్రిమూర్తులు నాకు టీ తెప్పించాడు.

"ఆపరేషన్ ఎత్తేశారేమిటండీ? రేపు ఇంకెవరికైనా వస్తే?"

"మాత్రలున్నాయిగా."

"అవి పని చెయ్యవని మనిద్దరికీ తెలుసు కదండీ."

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "కూర్మనాథం గారూ, తమరే ధ్రువీకరించి, తమరే ఇలా అంటే ఎలాగండీ? కావాలంటే అర్జీ పెట్టండి. సాక్ష్యాధారాలు కావాలి మరి. పాత దాన్ని కొట్టేయాలంటే అంతకంటే బలమైన సాక్ష్యం చూపించాలి. పోలినాయుడి కేసు కంటే బలమైనది ఎక్కడ దొరుకుతుంది?"

అర్జీ పెట్టాను. పరిశీలనలో ఉందని సమాధానం వచ్చింది. దాన్ని పరిశీలించే సంఘంలో సదాచారం గల గృహస్థుగా నన్నే వేశారు. నా అర్జీ మీద నేనే తీర్పు చెప్పకూడదు గనుక సమావేశం వాయిదా పడింది.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం, కొట్టులో రద్దీ తగ్గాక, ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మీటర్ల విభాగంలో పని చేస్తాడు, పేరు గవరయ్య. వరండాలో టీ గ్లాసుతో నిలబడి నవ్విన వాళ్ళలో ఒకడు. ఇప్పుడు నవ్వడం లేదు. వత్తుల పొట్లం తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"బాబూ, తమరు ఆ సంగంలో ఉన్నారు గదండి."

"ఉన్నాను."

"నాకూ అదే వచ్చిందండి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఆడది మొకం తిప్పేసుకుంటంది. నాకు తెలిసినోడు ఎవుడూ లేడు. పేపర్లో తమరి పటం సూసి వచ్చినాను."

నేను అతన్ని లోపలికి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టాను. తలుపు ఓరగా వేశాను.

"గవరయ్యా, నా మాట విను. ఆ మాత్రలు ఎందుకూ పనికిరావు. నేను చెబుతున్నాను. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. ఆవిడ చూసి చెబుతుంది."

అతను నా వైపు అనుమానంగా చూశాడు. తర్వాత చిన్నగా నవ్వాడు, నా ఎత్తు కనిపెట్టినట్టు.

"నాకు తెలుసండి. తమరు నా మంచికే భయపెడతన్నారు. పోలినాయుడికి ఏటయిందో నాను సదివినాను గదండి. నిండు మాత్ర ఏసుకున్నాడు, అటేపు ఎల్పోనాది. అలగ అవకూడదనే గదా తమరి బాద."

"కాదు నాయనా, అది అబద్ధం. అందులో నేను రాసింది..."

"తమరు అబద్దం రాస్తారా?" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయి అన్నాడు. నా నుదుటి నామం వైపు, పటం వైపు, మళ్ళీ నా వైపు చూశాడు.

చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. ఒకటి తుంచి అరచేతిలో పెట్టుకున్నాడు. నేను వక్కలు కత్తిరించే అడకత్తెర గల్లా పక్కనే ఉంది. అది అందుకుని, మాత్రని జాగ్రత్తగా దాని రెండు అంచుల మధ్య పెట్టి, దీపం వెలుగుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"కూసింత పట్టుకుంటారా బాబూ, సెయ్యి కదలకుండా? సరిగ్గా సగానికి తెగాలండి. సగమైతే నడిమిన ఆగుతాది."